కాగితం కింది సగం

పల్లిపాలెం,
11 అక్టోబరు 1998

తమ్ముడు ప్రసన్నకుమార్‌కి,

దుర్గక్క రాస్తున్నాను. నాన్నా, మీ బావా, నేనూ బాగానే ఉన్నాం. సామర్లకోటలో నువ్వు వేళకి తింటున్నావో లేదో మాకు తెలియడం లేదు. నీ ఉత్తరాల నిండా ట్యుటోరియల్ కాలేజీ కబుర్లే గాని అన్నం కబుర్లు ఉండవు.

అసలు సంగతికొస్తాను. ప్రైవేటుగా కట్టిన టెన్త్‌లో అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషు ఒక్కటీ పోయింది. మార్చి పరీక్షకి మళ్ళీ కట్టాను. మన పాలెంలో అంగన్‌వాడీ పెడతారట. టెన్త్ ప్యాసైన ఆడమనిషి ఇక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి, ప్యాసైతే ఆ పని నీదే అంటున్నారు. మళ్ళీ తప్పానంటే రేవు అవతల నుంచి ఎవరో ఒకావిడ పడవ దిగుతుంది. నేను నెత్తిన చేపల గంపతో ఎదురెళ్ళి ఆవిడకి నమస్కారం పెట్టాలి.

నువ్వు అంతమందికి ఇంగ్లీషు చెబుతున్నావు కదా, నాకు ఉత్తరాల్లో చెప్పు. నిన్ను చదివించడం కోసం నేను ఏడో తరగతిలో పుస్తకాలు అటకెక్కించిన సంగతి నీకు గుర్తుచేయను. గుర్తుచేయనని చెప్పడానికే రాశాను, అంతే.

నాన్న పక్కనే కూర్చున్నాడు. నా ఉత్తరం అంటించేముందు ఆయనకి చదివి వినిపించాలి. నీ ఉత్తరం వచ్చినా అంతే. "ఆడి ఇంగ్లీషు ఆడికే తెలీదు, నీకేం సెబుతాడే" అని నవ్వుతున్నాడు.

దీవెనలతో,
దుర్గక్క


సామర్లకోట,
20 అక్టోబరు 1998

అక్కకి నమస్కారం.

చెబుతాను. కానీ ఒక షరతు. పాఠం దగ్గర నువ్వు అక్కవి కాదు, నేను తమ్ముణ్ణి కాదు. తప్పు రాస్తే ఎర్ర సిరా పడుతుంది, తర్వాత అలగకూడదు.

మొదటి పాఠానికి "డివైడ్" అనే మాట ఎంచాను. పంచడం అన్నమాట. మా విద్యార్థులు దీన్ని రోజూ ఖూనీ చేస్తారు. తెలుగులో నాకు పంచాడు, నీకు పంచాడు అంటాం కదా అని "డివైడ్ టు మీ" అని రాసేస్తారు. అలా కాదు. ఇద్దరికి పంచితే "బిట్వీన్" రావాలి. ఎక్కువమందికైతే "అమాంగ్". ముక్కలుగానో పోగులుగానో విడదీస్తే "ఇంటూ". "ద మదర్ డివైడెడ్ ద మ్యాంగో బిట్వీన్ ద టూ చిల్డ్రన్." అమ్మ మామిడిపండు మనిద్దరికీ పంచింది. టెంక వైపు ఎప్పుడూ నువ్వే తీసుకునేదానివి.

ఇకనుంచి కాగితాన్ని రెండు సగాలు చెయ్యి. పై సగంలో ఉత్తరం రాయి, కింది సగంలో పాఠం రాయి. కింది సగం కత్తిరించి, దిద్ది, తిరిగి పంపుతాను. వాక్యాలు ఒడ్డుకి లాగే మన అలివి వల గురించే రాయి, నీకు తెలిసిన సంగతి కదా. నాన్న చేపలు పంచే పద్ధతి నాకు సగం మరుపే, అది పైన తెలుగులో రాయి. కింద రాసేది నిజమా అబద్ధమా నాకనవసరం. వాక్యం నడక సరిగ్గా ఉందా లేదా అన్నదొక్కటే చూస్తాను.

నాన్న ఎలా ఉన్నాడు? మాకు ఆదివారాలు కూడా క్లాసులే. వేసవి దాకా రాలేను.

నీ తమ్ముడు,
ప్రసన్న


పల్లిపాలెం,
8 నవంబరు 1998

మేష్టారైన తమ్ముడికి,

కడుపుకి తిన్న చేపల లెక్కే మర్చిపోయావన్నమాట. విను. వల ఒడ్డుకి లాగి చేపలు ఇసుక మీద పోశాక, మీ బావ మనిషికో పోగు పెడతాడు. నాన్న పోగులకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. మీ బావ ఒక పోగు పక్కన కర్రతో తట్టి "ఇదెవరికి మావా?" అంటాడు. నాన్న ఒక పేరు పిలుస్తాడు. ఏ పోగో చూడకుండా పిలుస్తాడు కాబట్టి నాకు తక్కువొచ్చిందని ఎవరూ నోరెత్తడానికి లేదు. పిలిచే మనిషి పేరు అందరికన్నా ఆఖర్న వస్తుంది. మిగిలిన పోగు ఆయనది.

వల లాగే ఓపిక నాన్నకి ఎప్పుడో పోయింది. ఆ పిలుపు వల్లే ఇంకా వాటా వస్తోంది. "నా కూడు నేనే తెచ్చుకుంటన్నాను" అని రోజుకోసారి ఎవరో ఒకరితో అంటాడు. అది అననిదే ఆయనకి ముద్ద దిగదు.

నాన్న ఆరోగ్యం బాగానే ఉంది. ఇలా రాయమని ఆయనే అన్నాడు.

కింది సగం చూడు. బాగా చూడు.

దుర్గక్క

ఫాదర్ డివైడ్ ద ఫిష్ టు ట్వెల్వ్ మెన్.
ఫాదర్ నాట్ సీ ద ఫిష్.
ఫాదర్ నాట్ సీ ద మెన్.
ఫాదర్ ఐజ్ వైట్.


సామర్లకోట,
20 నవంబరు 1998

అక్కకి,

బాగానే చూశాను. పదికి నాలుగు మార్కులు.

మొదటి వాక్యంలో "డివైడ్" కాదు, "డివైడ్స్". పన్నెండుమంది ఉన్నారు కాబట్టి "టు" కొట్టేసి "అమాంగ్" పెట్టాను. పోయినసారి చెప్పిందే, నువ్వు వినలేదు. "నాట్ సీ" అన్నది అసలు ఇంగ్లీషే కాదు. చూడడు అంటే "డజ్ నాట్ సీ", చూడలేడు అంటే "కెనాట్ సీ". పోగులకి వీపు పెట్టి నిలబడతాడని రాశావు గనుక ఇక్కడ "డజ్ నాట్" పెట్టాలి, "కెనాట్" పెడితే అర్థం మారిపోతుంది. ఆఖరి వాక్యంలో క్రియే లేదు. కన్ను ఒకటైతే "ఈజ్", రెండైతే "ఆర్". నువ్వు రెండూ మింగేశావు.

పంపకం సంగతి మాత్రం చాలా బాగా రాశావు. క్లాసులో చెప్పాను, అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాన్న ఆరోగ్యం బాగుందంటే నాకు నిశ్చింత. కాలేజీ వాళ్ళు తీయించిన నా ఫోటో ఒకటి ఇందులో పెడుతున్నాను. నాన్నకి చూపించు.

నీ తమ్ముడు,
ప్రసన్న


పల్లిపాలెం,
13 డిసెంబరు 1998

తమ్ముడికి,

ఫోటో అందింది. నాన్న అరుగు మీద దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. "బాగున్నాడు, ఒళ్ళు చేశాడు" అన్నాడు. దారిన పోయేవాళ్ళందరికీ చూపించాడు.

ఇక్కడ చలిగాలి మొదలైంది. వలలో కవళ్ళ చేపలు బాగా పడుతున్నాయి. ఎదురింటి మాణిక్యాంబత్త కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది, పాపం చూపు రాలేదు. నాన్న రోజూ ఆ మాటే చెబుతున్నాడు. ఆవిడ ఇంట్లో దీపం పోతే ఈయనకే ఎక్కువ చీకటి పడ్డట్టుంది. అలా రాయొద్దంటున్నాడు, రాసేశాను.

నేను అమ్మ మీద ఒట్టేసి ఒక మాట ఇచ్చాను. ఒట్టు తప్పే మనిషిని కాను, నీకు తెలుసు. అందుకని పాఠం మీదే ధ్యాస పెట్టాను. నువ్వూ పెట్టు.

దుర్గక్క

ఫాదర్ డివైడ్స్ ద ఫిష్ అమాంగ్ ట్వెల్వ్ మెన్.
హి కెనాట్ సీ. నాట్ డజ్ నాట్. కెనాట్.
హి హోల్డ్ యువర్ ఫోటో అప్‌సైడ్ డౌన్ అండ్ సే వెరీ గుడ్.
ఐ డివైడ్ పేపర్ ఇంటూ టూ. టాప్ ఈజ్ ఫర్ ఫాదర్. బాటమ్ ఈజ్ ఫర్ యూ.
ప్లీజ్ డివైడ్ ఫాదర్ బిట్వీన్ యూ అండ్ మీ.


సామర్లకోట,
28 డిసెంబరు 1998

అక్కకి,

ఈసారి ఆరు మార్కులు. "అమాంగ్" పట్టుకున్నావు, సంతోషం. కానీ నేను "డజ్ నాట్" అంటే నువ్వు మళ్ళీ "కెనాట్" అంటావేంటి? ఇది వ్యాకరణం, రేవులో చేపల బేరం కాదు. "హోల్డ్స్" అనాలి, "సేస్" అనాలి. "పేపర్" ముందు "ద" మర్చిపోయావు.

ఆఖరి వాక్యం చూసి నా మనసు పాడైంది. తండ్రిని ఎవరూ డివైడ్ చేయరక్కా. ఇల్లో స్థలమో అయితే చేస్తారు. రెండు నెలలుగా చూస్తున్నాను, నాన్న, పంపకం, నాన్న, పంపకం, ఇంకో మాట లేదు. నీ మనసులో మన ఇంటి స్థలం సంగతి ఉంటే పై సగంలో తెలుగులో అడుగు. నాకేం వద్దు, అంతా నువ్వే ఉంచుకో. కానీ నాన్న తిరుగుతూ ఉండగా ఈ మాట ఎత్తడం నాకు నచ్చలేదు. నువ్విలా అవుతావనుకోలేదు.

ప్రసన్న


పల్లిపాలెం,
17 జనవరి 1999

ప్రసన్నకి,

నేను ఉప్పుచేపలు అమ్మడానికి సంతకి వెళ్ళిన పూట నీ ఉత్తరం వచ్చింది. నాన్న ఆగలేక పోస్టుమాన్ చేత చదివించుకున్నాడు. స్థలం మాట విన్నాడు. ఆ పూట, మర్నాడూ అన్నం ముట్టలేదు. "కొలతాడు తెప్పించవే, పంచేత్తాను. పంచడం నాకేమన్నా కొత్తా" అన్నాడు. అలా అంటుంటే ఆయన గొంతు ఎలా ఉందో నీకు ఎర్ర సిరాతో దిద్దడానికి కూడా రాదు.

నీ స్థలమూ నాకొద్దు, నా స్థలమూ నాకొద్దు. అమ్మ ఉండి ఇదే మాట వింటే నీ వీపు చిట్లిపోయేది. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంతోనే వ్యాకరణం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నువ్వు దిద్దిన పాత ముక్కలన్నీ పక్కన పరుచుకుని, ఒక్కో మాటా సరిచూసుకుని, రాసింది చింపి మళ్ళీ రాశాను. కింది సగంలో తప్పు పట్టు చూద్దాం.

దుర్గ

మై ఫాదర్ డివైడ్స్ ద ఫిష్ అమాంగ్ ట్వెల్వ్ మెన్.
హి కెనాట్ సీ ద ఫిష్, ద మెన్ ఆర్ ఈవెన్ మీ.
బోత్ హిజ్ ఐజ్ ఆర్ వైట్.
లాస్ట్ ఫ్రైడే హి వాక్డ్ ఇంటూ ద క్రీక్. మై హస్బెండ్ పుల్డ్ హిమ్ అవుట్.
హి ఈజ్ అఫ్రైడ్ ఆఫ్ ద డాక్టర్.
ఐ స్వోర్ ఆన్ అవర్ మదర్ నాట్ టు రైట్ దిస్ ఇన్ ఎ లెటర్.
దిస్ ఈజ్ నాట్ ఎ లెటర్. దిస్ ఈజ్ మై హోంవర్క్.


సామర్లకోట,
23 జనవరి 1999

అక్కా,

ఎర్ర పెన్ను మూత తీసి కూర్చున్నాను. మొదటి వాక్యంలో తప్పు లేదు. రెండో దాంట్లో లేదు. ఆఖరిదాకా వెళ్ళినా పెన్ను కాగితం మీద ఆనలేదు. చేసే పని లేక మళ్ళీ మొదటినుంచి చదివాను. అప్పుడు చదివానక్కా. అంతకు ముందు దిద్దాను, అంతే.

నాన్నకి చూపు లేదు. రెండు కళ్ళకీ తెల్లపొర కమ్మింది. ఆ శుక్రవారం కాలవ అనుకోక అందులోకి నడిచిపోయాడు, బావ లాగాడు. ఉత్తరంలో రాయనని నీ చేత అమ్మ మీద ఒట్టు పెట్టించుకున్నాడు, నువ్వు ఉత్తరంలో రాయకుండా హోంవర్కులో రాశావు. నవంబరు నుంచీ నువ్వు అరుస్తున్నావు, నేను పదికి నాలుగనీ ఆరనీ మార్కులు వేస్తూ కూర్చున్నాను. పైగా స్థలం కావాలా అని అడిగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా అన్నం సయించడం లేదు. నన్ను తిట్టు, పై సగమూ కింది సగమూ నిండా తిట్టు.

ఇక్కణ్ణుంచి నాన్నకి చదివి వినిపించు. ఒట్టేసింది నువ్వు, నేను కాదు.

నాన్నా, ముప్పై ఒకటో తేదీ ఆదివారం వస్తున్నాను. సెలవు ఇచ్చేది లేదన్నారు, అయినా వస్తున్నాను. ఇక్కడ కంటి డాక్టరుగారితో మాట్లాడాను. మాణిక్యాంబత్తది వేరే జబ్బట, చూపు నరానికి సంబంధించింది. నీది శుక్లమై ఉంటుందట. చూస్తేగాని ఏమీ చెప్పలేనన్నారు, చూడనిమ్మన్నారు. నీ పిలుపు ఎక్కడికీ పోదు. నువ్వు తిరిగొచ్చేదాకా మన వలలోని ముసలయ్య మావ పిలుస్తాడు. నిన్ను గదిలో కూర్చోబెట్టడానికి తీసుకెళ్ళడం లేదు నాన్నా. నా ఫోటో నీకు తిరగేసి పట్టుకునే పని లేకుండా చేద్దామని తీసుకెళుతున్నాను.

నీ కొడుకు,
ప్రసన్న


సామర్లకోట,
27 ఫిబ్రవరి 1999

అక్కకి,

కుడికంటి కట్టు విప్పారు. డాక్టరుగారు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, నాన్న వేళ్ళు మానేసి నా మొహంకేసి చూశాడు. "ఫోటోలో ఇంతకంటే బాగున్నావురా" అన్నాడు. ఆ ఫోటో ఆయన ఎన్నడూ చూడలేదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరం అక్కడే నవ్వాం. తర్వాత నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

శుక్లం బాగా ముదిరిందట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే కన్ను దక్కేది కాదన్నారు. రెండో కన్ను ఎండలు తగ్గాక చేస్తారు.

నీ హోంవర్కు సంగతి ఆయనకి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "కన్ను ఒకటైతే ఈజ్, రెండైతే ఆర్ అని అది సదివినప్పుడే పట్టేశాను. ఒట్టు ఉత్తరానికి ఏయించుకున్నాను గాని పాఠానికి కాదు కదరా" అన్నాడు. మళ్ళీ తనే, "నీకు తెలీకూడదనీ ఉండేది, తెలిత్తే బాగుణ్ణనీ ఉండేది" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రైలు కూత వినబడ్డప్పుడల్లా ఇంటికెప్పుడు అంటున్నాడు. ఇసుకా ఉప్పునీళ్ళూ తగలకుండా ఏప్రిల్ దాకా ఆపమన్నారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను. పరీక్ష బాగా రాయి. నీకు చెప్పాల్సింది ఇంకేమీ లేదు, నీ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే పనికొచ్చింది.

నీ తమ్ముడు,
ప్రసన్న


పల్లిపాలెం,
18 ఏప్రిల్ 1999

తమ్ముడికి,

నువ్వు నాన్నని దింపి వెళ్ళాక జరిగింది చెబుతాను. నాతో పోట్లాడుతూనే నాలుగు రోజులు ఇంటిపట్టున ఉన్నాడు. ఈవాళ పొద్దున్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒడ్డుకి బయల్దేరాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు.

మీ బావ అప్పటికే పోగులు పెట్టాడు. నాన్న వీపు తిప్పబోతూ ఆగి, పోగులకేసి చూశాడు. పదకొండు పోగులు ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి మాత్రం పెద్దది, పైన మంచి ధర పలికే చందువా చేపలు రెండు కూడా ఉన్నాయి. ఈయన నాలుగు రోజులై చూపుతో ఊళ్ళో ఉన్నా, మీ బావ చెయ్యి పాత అలవాటునే పోయింది.

"అదెవరికిరా సిట్టియ్యా?" అన్నాడు నాన్న.

మీ బావ కర్రతో ఇసుక గీస్తూ నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఆకర్న మిగిలింది ఇదేనా?" అన్నాడు మళ్ళీ.

అప్పుడు నాకూ తెలిసింది తమ్ముడూ. ఆ పోగులు గంపలో నేనే ఇంటికి మోసుకొచ్చేదాన్ని, నాన్న అదృష్టం బాగుందనుకునేదాన్ని. మీ బావ పెద్ద పోగుని తట్టకుండా చివరికి అట్టేపెట్టేవాడు. నాన్నకి చూపు లేదని వలవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు. అనకపోగా, ప్రతిరోజూ తలా రెండు చేపలు వదులుకున్నారు. నా మొగుడు నాకే చెప్పలేదు చూడు, ఎంత గట్టివాడో. నాకు ఒకపక్క ముద్దొచ్చింది, ఇంకోపక్క నాన్న ఏమైపోతాడోనని భయమేసింది. నా కూడు నేనే తెచ్చుకుంటన్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్న మనిషి కదా.

నాన్న కళ్ళద్దాలు తీసి కండువాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత వంగి, ఆ పెద్ద పోగు పైనున్న చేపలు ఒక్కోటీ తీసి, తక్కిన పోగుల మీద తన చేత్తోనే వేసుకుంటూ వెళ్ళాడు. చందువాలు రెండూ ముసలయ్య మావ గంపలో పడేసి, "నా బదులు పిలిచినందుకు" అన్నాడు. ఎవరూ వద్దనలేదు. ఆ మొహం చూస్తే ఎవరూ వద్దనలేరు.

అప్పుడు సముద్రం వైపు తిరిగాడు. మీ బావ మొదటి పోగు తట్టి, "ఇదెవరికి మావా?" అన్నాడు.

"సత్తియ్య!" అన్నాడు నాన్న.

తన పేరు మొదటే పిలిచేశాడు. ఇంతకాలంలో పిలిచేవాడి పేరు మొదట రావడం ఎవరూ ఎరగరు. చివర్న పెట్టుకుంటే మళ్ళీ ఇదే చేస్తారని ఆయనకి తెలుసు. రేపు మధ్యలో పిలుస్తాడట, ఎల్లుండి ఎప్పుడు పిలుస్తాడో చెప్పడట. ముందుగా ముసలయ్య మావ నవ్వాడు. తర్వాత ఒడ్డంతా నవ్వారు. మీ బావ మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మొదటి పోగులో ఉన్నవి కాసిని కవళ్ళు. నేను గంప తెస్తే అక్కర్లేదన్నాడు. తువ్వాల్లో మూటగట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కాలవ గట్టు మీంచి ఇంటికి తనే నడిచొచ్చాడు. నేను వెనకాలే వచ్చాను. దారిలో ఒక్కసారి కూడా తడబడలేదు. మధ్యాహ్నం పులుసు రెండుసార్లు వేయించుకుని, "నా కూడు నేనే తెచ్చుకున్నాను" అన్నాడు. ఈసారి ఎవరితోనూ కాదు, పళ్ళెంతో అన్నాడు.

పరీక్ష బాగానే రాశాను. ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు చదువుతారో ఊరికే దిద్దుతారో మరి.

కింది సగం ఈసారి కత్తిరించకు. దిద్దకు కూడా. నాన్నకి చదివి, అర్థం తెలుగులో చెప్పాను. చూశాడు, వీపు తిప్పాడు, అందరికీ పంచాడు అని. సరిగ్గానే ఉంది, పంపించమన్నాడు.

దీవెనలతో,
దుర్గక్క

మై ఫాదర్ సా ద ఫిష్.
దెన్ హి టర్న్డ్ హిజ్ బ్యాక్ అండ్ డివైడెడ్ దెమ్ అమాంగ్ అస్ ఆల్.